అయోవా నుంచి సూపర్ మంగళవారం దాకా: గెలుపు గుర్రం ఎవరండీ?

మొక్కజొన్నపొలం (వెస్ట్ డిమోయిన్, అయోవా) | 2020 ఫిబ్రవరి 1

సభ్యులందరికీ నమస్కారం. నాకు పౌరసత్వం వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎల్లుండి, అంటే 3వ తేదీ సోమవారం సాయంత్రం ఏడు గంటలకు, మా పేటలోని బడి వ్యాయామశాలలో జరిగే డెమోక్రాటిక్ కాకస్‌కు, అంటే పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే సభకు, మొదటిసారి వెళ్ళబోతున్నాను. గడచిన మూడు వారాలలో మా తలుపు తట్టిన కార్యకర్తలు తొమ్మిది మంది. వారిలో అభ్యర్థి వారెన్ గారి తరఫున వచ్చిన అమ్మాయి మోకాళ్ళ దాకా మంచు అంటిన బూట్లతో గుమ్మం బయటే నిలబడి, నా ఇంటిపేరును మూడుసార్లు పలకబోయి నాలుగోసారి సాధించింది. ఆ పట్టుదల చూసి ఆమెకే వేద్దామనుకున్నాను గాని, మర్నాడు మరో అభ్యర్థి బుటిజెజ్ పేరును నేనే పలకలేకపోవడంతో అది కొలబద్ద కాదని తేలిపోయింది. ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేదు. ఎవరు మంచివారో, ఎందుకు మంచివారో మీ మాటలలో చెప్పండి. తిట్లు మాత్రం వద్దు.

గుంటూరు తాతగారు (గుంటూరు) | ఫిబ్రవరి 1

నాయనా, మా అబ్బాయి అక్కడే ఉన్నాడు కాబట్టి ఈ వ్యవహారాన్ని టీవీలో చూస్తూనే ఉన్నాను గాని, మొదటి మెట్టే నాకు అర్థం కాలేదు. మన దగ్గర అధినాయకుడి ఇంటి ముందు పడిగాపులు పడి, చివరి నిమిషంలో బి-ఫారం చేతికి వస్తేనే అభ్యర్థి. అక్కడ పార్టీ అభ్యర్థిని జనమే ఎన్నుకుంటారట. పైగా ఆ శాండర్స్ అనే పెద్దమనిషి సెనేట్‌లో ఆ పార్టీ సభ్యుడే కాదు, ఇండిపెండెంటట! సభ్యత్వమే లేనివాడు ఆ పార్టీ టిక్కెట్టుకు పోటీ పడితే కార్యకర్తలు ఊరుకుంటారా?

నాషువా మాష్టారు (నాషువా, న్యూహాంప్‌షైర్) | ఫిబ్రవరి 1

తాతగారూ, కార్యకర్తలు ఊరుకోలేదు. 2016లో ఆ గొడవంతా జరిగింది. అప్పట్లో సూపర్ డెలిగేట్లు అనే పార్టీ పెద్దలు ప్రజల తీర్పుతో సంబంధం లేకుండా ఎవరికైనా మద్దతు పలికే వీలుండేది. శాండర్స్ వర్గం పోరు పెట్టడంతో 2018లో నియమం మార్చారు. ఫలితం ముందే తేలిపోయి ఉంటే తప్ప, అభ్యర్థిని ఖరారు చేయడానికి వేసవిలో జరిగే మహాసభలో మొదటి విడత ఓటు వారికి ఉండదు. ఇక లెక్క చూద్దాం. రాష్ట్రాలన్నీ కలిపి ఎన్నుకునే డెలిగేట్లు, అంటే ఆ మహాసభకు వెళ్ళే ప్రతినిధులు, 3,979 మంది, అందులో 1,991 మంది చేతిలో ఉన్నవారికి నామినేషన్ ఖాయం. అయోవాకు దక్కేది 41, మా న్యూహాంప్‌షైర్‌కు 24. గోరంత వాటా కోసం ఏడాది పొడుగునా కొండంత హడావుడి. అందుకు కారణం ఒక్కటే, వరుసలో మేము ముందున్నాము. 1972 నుంచి అయోవా ఆ స్థానాన్ని వదలలేదు. 1976లో జిమ్మీ కార్టర్ అనే వేరుశనగ రైతు అక్కడ పేరు తెచ్చుకునే అధ్యక్షుడయ్యాడు. నిజానికి ఆనాడు మొదటి స్థానం దక్కింది ఆయనకు కాదు, ‘ఎవరికీ మాట ఇవ్వలేదు’ అన్నవారికి!

ఎడిసన్ కుర్రాడు (ఎడిసన్, న్యూజెర్సీ) | ఫిబ్రవరి 2

నాది హెచ్-1బి. ఓటూ లేదు, గ్రీన్‌కార్డు వరుస ఎప్పటికి కదులుతుందో చెప్పే జ్యోతిష్కుడూ లేడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా గదిలోవాళ్ళు రోజూ ఎత్తిపొడుస్తూనే ఉన్నారు. అయినా నా మద్దతు ఆండ్రూ యాంగ్‌కే. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి పౌరుడికీ నెలకు వెయ్యి డాలర్లు ఇస్తానంటున్నాడు. ఇంటికి ఫోన్ చేసి ఈ మాట చెబితే మా అమ్మ, ‘ఇక్కడ పోయిన నెలలోనే అమ్మ ఒడి డబ్బులు పడ్డాయి, మీ వాడు ఇంకా చెబుతూనే ఉన్నాడా?’ అని అడిగింది. రైతుబంధు, అమ్మ ఒడి చూసినవాళ్ళకు యాంగ్ పథకం వింతగా ఏమీ తోచదు. ఇక్కడివాళ్ళు మాత్రం దాన్ని చంద్రమండలం నుంచి దిగిన ఆలోచనలా చూస్తున్నారు.

ఫ్రిస్కో పిన్ని (ఫ్రిస్కో, టెక్సస్) | ఫిబ్రవరి 2

కుర్రాడా, వెయ్యి డాలర్లు పౌరులకే ఇస్తాడట, నీకు రావు. ముందు ఆ సంగతి చూసుకో.

నా ఓటు ఎమీ క్లోబుషార్‌కు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో మిన్నియాపాలిస్‌లో మంచు ముద్దలు ముద్దలుగా కురుస్తూ ఉంటే, టోపీ కూడా లేకుండా నిలబడి పోటీ ప్రకటన చేసిన మనిషి ఆమె. జుట్టంతా తెల్లబడిపోయినా ప్రసంగం ఆపలేదు. ఆకాశంలోంచి వరాలు కురిపిస్తాననకుండా, సెనేట్‌లో అవతలి పార్టీవారితో కలిసి ఏ బిల్లులు నెగ్గించిందో చెబుతుంది. పెళ్ళిళ్ళలో వంటశాల దగ్గర నిలబడి చూసుకునే పెద్దమ్మలు ఉంటారు చూడండి, వేదిక మీద ఎవరికీ కనబడరు గాని వారు లేకపోతే విస్తరి పడదు. ఆమెది ఆ కోవ. కమలా హారిస్ బరిలో ఉండి ఉంటే కాస్త ఆలోచించేదాన్ని. వాళ్ళ అమ్మగారు శ్యామలా గోపాలన్ మద్రాసు నుంచి వచ్చినవారని మా సత్సంగంలో అందరికీ ఆప్యాయత. కానీ ఆవిడ డిసెంబరులోనే తప్పుకుంది.

గుంటూరు తాతగారు | ఫిబ్రవరి 2

మరి తులసి గబ్బార్డ్ సంగతేమిటమ్మా? పేరు చూస్తే మన పిల్లే అనిపిస్తోంది. మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆమెది ఏ జిల్లా అని అడిగారు.

నాషువా మాష్టారు | ఫిబ్రవరి 2

ఏ జిల్లా కాదు తాతగారూ. ఆమె పుట్టింది అమెరికన్ సమోవా దీవులలో, ఎన్నికైంది హవాయి నుంచి. హిందువు, అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి హిందువు కూడాను, కానీ భారత మూలాలు లేవు. మా ఊరి దారుల పక్కన మంచుగుట్టలలో పాతిన బోర్డులు అన్నిటికంటే ఆమెవే ఎక్కువ కనిపిస్తున్నాయి. బోర్డులకు ఓటు హక్కు ఉంటే ఆమెదే విజయం.

మొక్కజొన్నపొలం | ఫిబ్రవరి 3, రాత్రి 11:40

ఇప్పుడే ఇంటికి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

బాస్కెట్‌బాల్ కోర్టులో ఒక్కొక్క మూల ఒక్కొక్క అభ్యర్థికి. ఇష్టమైన మూలకు వెళ్ళి నిలబడడమే ఓటు, రహస్యం ఏమీ లేదు. మా పక్కింటాయన ఎటు వెళ్ళాడో నేనూ చూశాను, నేనెటూ వెళ్ళక మధ్య గీత మీద నిలబడ్డానని ఆయనా చూశాడు. వచ్చినవాళ్ళు 212 మంది. నూటికి పదిహేను మంది లేని గుంపు లెక్కలోకి రాదు, అంటే కనీసం 32 మంది కావాలి. ఒక్కొక్కరూ చేతిలో కార్డు పైకెత్తి తమ అంకె గట్టిగా అరుస్తూ లెక్క పెట్టారు. శాండర్స్ 58, బుటిజెజ్ 51, వారెన్ 37, బైడెన్ 29, క్లోబుషార్ 24, యాంగ్ 9, స్టైయర్ 3. మిగిలిన ఒక్కడిని నేను.

అసలు వినోదం అప్పుడు మొదలైంది. ఈసారి కొత్త నియమం ప్రకారం గట్టెక్కిన గుంపులోనివాళ్ళు కదలకూడదు, గట్టెక్కనివాళ్ళు మాత్రమే రెండో మూల వెతుక్కోవాలి. బైడెన్ గుంపుకు కావలసింది ముగ్గురే. వారి నాయకుడైన ముసలాయన నా భుజం మీద చెయ్యి వేసి, తమ అభ్యర్థి ఎనిమిదేళ్ళు ఉపాధ్యక్షుడిగా చేశాడని నింపాదిగా చెప్పసాగాడు. ఈలోగా క్లోబుషార్ తరఫున ఒకావిడ ఇంట్లో చేసిన బిస్కెట్ల డబ్బా తెరిచి యాంగ్ పిల్లల మధ్యకు వెళ్ళింది. ముసలాయన వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన గుంపులోంచే ఏడుగురు ఆ డబ్బా వైపు నడిచారు. నేను కూడా అటే వెళ్ళాను. బిస్కెట్ కోసం కాదు, ఆమె నన్ను ‘మీకు ఏ విషయం ముఖ్యం?’ అని అడిగిన మొదటి మనిషి కావడం వల్ల. పిన్నిగారూ, మీ పెద్దమ్మకు 36 వచ్చాయి, గట్టెక్కింది.

చివరి లెక్క బుటిజెజ్ 64, శాండర్స్ 63, వారెన్ 43, క్లోబుషార్ 36. ఆరుగురు విసిగి ఇంటికి వెళ్ళిపోయారు. మా పోలింగు కేంద్రానికి ఉన్న ఏడుగురు ప్రతినిధులను పంచితే మొదటి ముగ్గురికీ తలా ఇద్దరు, క్లోబుషార్‌కు ఒకరు. 63 మందికీ ఇద్దరే, 43 మందికీ ఇద్దరే! భిన్నాల దయ. శాండర్స్ కుర్రాళ్ళు దీని మీద పంతులుగారితో అరగంట వాదించినట్టు వాదించారు గాని సూత్రం సూత్రమే. ఆ తరువాత మా అధ్యక్షురాలు ఫలితం పంపడానికి ఫోనులోని యాప్ తెరవబోయింది, అది తెరుచుకోలేదు. పార్టీ కార్యాలయానికి ఫోన్ చేస్తే వేచి ఉండమని సంగీతం వినిపించింది. నేను బయలుదేరేటప్పటికి ఆవిడ ఇంకా ఆ సంగీతమే వింటోంది.

ఎడిసన్ కుర్రాడు | ఫిబ్రవరి 4, తెల్లవారుజామున

ఒక్క ఫలితమూ రాలేదు, బుటిజెజ్ గారు అప్పుడే విజయోపన్యాసం ఇచ్చేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

గుంటూరు తాతగారు | ఫిబ్రవరి 4

మొక్కజొన్న నాయనా, చదువుతూ ఉంటే కళ్ళకు కట్టింది. ఆ పదిహేను శాతం నియమం నాకు బాగా నచ్చింది. మన దగ్గర పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ గల్లంతు అంటాం, అంటే పదహారున్నర పైచిలుకు. ఇంచుమించు ఒకటే గీత. తేడా ఏమిటంటే, ఇక్కడ డిపాజిట్ పోయినవాడి ఓటర్లు ఇంటికి పోయి పడుకుంటారు. అక్కడ వాళ్ళను రెండో విస్తరికి పిలుస్తున్నారు. అయినా లెక్కించడానికి యాప్ ఎందుకయ్యా? 212 మందిని చేతులెత్తించి లెక్క పెట్టినవాళ్ళకు ఆ అంకెలు కాగితం మీద రాసి పంపడం రాదా?

మొక్కజొన్నపొలం | ఫిబ్రవరి 7

తాతగారూ, చివరికి కాగితాలే ఆదుకున్నాయి. అందరి చేత కార్డులు రాయించుకోవడం ఈ ఏడాదే మొదలుపెట్టారు. మంగళవారం సాయంత్రానికి 62 శాతం కేంద్రాల ఫలితాలు వదిలారు, మిగతావి చుక్కలు చుక్కలుగా వచ్చాయి. రాష్ట్ర ప్రతినిధుల వాటాలో బుటిజెజ్ 26.2, శాండర్స్ 26.1. తలల లెక్కలో శాండర్స్ ముందు. ఇద్దరూ గెలిచామంటున్నారు, ఇద్దరిదీ నిజమే. మా వ్యాయామశాలలో జరిగిందే రాష్ట్రమంతటా జరిగింది.

నాషువా మాష్టారు | ఫిబ్రవరి 12

నిన్న మా వంతు ముగిసింది. మాది కాకస్ కాదు, ప్రైమరీ, అంటే మామూలు ఓటు. ఏ పార్టీలోనూ నమోదు కానివారు ఏ పార్టీ బ్యాలెట్టైనా అడిగి తీసుకోవచ్చు. సంప్రదాయం ప్రకారం డిక్స్‌విల్ నాచ్ అనే కుగ్రామంలో అర్ధరాత్రి దాటగానే ఓటేశారు. ఉన్న ఓటర్లు ఐదుగురు, బ్యాలెట్టులో పేరే లేని డెమోక్రాట్ మైకేల్ బ్లూంబర్గ్‌కు ముగ్గురు చేతితో రాసి మరీ వేశారు. అందులో ఒకటి రిపబ్లికన్ బ్యాలెట్టు!

రాష్ట్రం మొత్తం మీద శాండర్స్ 25.6 శాతం, బుటిజెజ్ 24.3, పిన్నిగారి పెద్దమ్మ 19.7తో మూడో స్థానం. యాంగ్ నిన్న రాత్రే తప్పుకున్నాడు, కుర్రాడికి నా సానుభూతి. బైడెన్‌కు 8.4 శాతం, ఐదో స్థానం. ఫలితాలు రాకముందే ఆయన మా రాష్ట్రం వదిలి దక్షిణ కెరొలైనాకు విమానమెక్కారు. 1988 పోటీకి ఒకసారి, 2008కి ఒకసారి, ఇప్పుడు ఒకసారి, మూడుసార్లు దిగి ఒక్క రాష్ట్రమూ గెలవని మనిషి. నా లెక్క ప్రకారం ఆయన పని అయిపోయింది. ఆయన ఏ ఒక్క రాష్ట్రమైనా గెలిస్తే మా ఊరి మేపుల్ పాకం సీసా పందెం.

ఫ్రిస్కో పిన్ని | ఫిబ్రవరి 12

మాష్టారూ, పందెం ఖాయం. గెలవకపోతే నేను గోంగూర పచ్చడి పంపుతాను, ఎండుమిరపకాయలు గుంటూరు నుంచి తెప్పించినవే. ఆయన నా అభ్యర్థి కాకపోయినా, దక్షిణాదిలో నల్లజాతి ఓటర్లు ఇంకా నోరు విప్పలేదన్న సంగతి మీరు మరచిపోయారు. అయోవా, న్యూహాంప్‌షైర్ రెండూ మంచు రంగు రాష్ట్రాలే కదా.

వేగాస్ నైట్‌షిఫ్ట్ (లాస్ వేగాస్, నెవాడా) | ఫిబ్రవరి 23

చాలా రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడు మా ఊరి మాట కాబట్టి రాస్తున్నాను. నేను ఇక్కడి హోటల్ లెక్కల విభాగంలో రాత్రి పని చేస్తాను. 19వ తేదీ చర్చలో బ్లూంబర్గ్ మొదటిసారి వేదిక ఎక్కారు. మొదటి నాలుగు రాష్ట్రాలనూ వదిలేసి వందల కోట్ల రూపాయలు కాదు, వందల మిలియన్ల డాలర్లు సొంత డబ్బు ప్రకటనలకు కుమ్మరించిన మనిషిని వారెన్ మొదటి పది నిమిషాలలోనే ఉతికి ఆరేసింది. మా విశ్రాంతి గదిలో వంటవాళ్ళందరూ పని ఆపి చూశారు.

నిన్నటి కాకస్‌లో పెద్దాయన శాండర్స్ దాదాపు 47 శాతంతో గెలిచారు. విచిత్రమేమిటంటే ఇక్కడి వంటవారి, గదులు సర్దేవారి సంఘం చాలా బలమైనది. పోరాడి సాధించుకున్న ఆరోగ్య బీమా, అందరికీ ప్రభుత్వ బీమా అనే శాండర్స్ పథకంతో పోతుందని ఆ సంఘం నాయకులు బాహాటంగా హెచ్చరించారు, ఎవరికీ మద్దతు ఇవ్వలేదు. అయినా హోటళ్ళలో పెట్టిన కాకస్‌లలో ఆ సభ్యులే ఆయన వెంట నిలబడ్డారు. నాతో పని చేసే ఒకావిడను అడిగితే, ‘నా బీమా బాగానే ఉంది, మా చెల్లెలికి లేదు’ అంది. ఇంకొక సరదా సంగతి, అయోవాలో సమానంగా వస్తే నాణెం ఎగరేస్తారు గాని మా దగ్గర పేకముక్క తీయాలి. పెద్ద ముక్క వచ్చినవారిది గెలుపు. వేగాస్ కదండీ.

ఎడిసన్ కుర్రాడు | ఫిబ్రవరి 25

నేను యాంగ్ తప్పుకున్నాక బెర్నీ శాండర్స్ శిబిరంలో చేరాను. కానీ ఎవరిని కదిపినా ఒకటే పాట: ‘నాకు ఆయనంటే ఇష్టమే, కానీ గెలవడు.’ మా మేనేజరుకు వారెన్ ఇష్టం, బైడెన్‌కు వేస్తుందట. ఎందుకని అడిగితే పెన్సిల్వేనియాలో ఉన్న వాళ్ళ బాబాయి ఆడమనిషికి వేయడని చెప్పింది. ఆ బాబాయిని అడిగారా అంటే, అడగలేదు.

గుంటూరు తాతగారు | ఫిబ్రవరి 25

దీన్నే మా దగ్గర గెలుపు గుర్రం అంటాం. టిక్కెట్లిచ్చే రోజులలో ప్రతి నాయకుడి నోటా అదే మాట, గెలుపు గుర్రాలకే అవకాశం. ఏ గుర్రం గెలుస్తుందో పరుగు అయ్యాకనే తెలుస్తుంది గనక, ఆ మాటకు అర్థం డబ్బున్న గుర్రం అనో, నాయకుడి చుట్టమైన గుర్రం అనో తేలేది. మీ దగ్గర నాయకుడు లేడు, కాబట్టి ఓటరే అధినాయకుడి బుర్ర తగిలించుకున్నాడు. తనకు నచ్చినవాడికి కాక, ఎవడో కనబడని బాబాయికి నచ్చుతాడనుకున్నవాడికి వేస్తున్నాడు. ఆ బాబాయి కూడా ఇంకో బాబాయిని తలచుకుని వేస్తున్నాడేమో చూడండి.

మరో మాట. శాండర్స్‌కు 78, బ్లూంబర్గ్‌కు 78, బైడెన్‌కు 77. నాకు 76. బ్యాంకులో పింఛను వరుసలో అరగంట నిలబడలేకపోతున్నాను. ఈ ముగ్గురినీ చూశాక రేపటి నుంచి నడక మొదలుపెడుతున్నాను.

నాషువా మాష్టారు | ఫిబ్రవరి 26

తాతగారి మాట బాగుంది గాని, దానికి రెండో వైపు కూడా చెప్పాలి. ప్రైమరీ అంటే నచ్చినవారికి వేయడం ఒక్కటే కాదు, నవంబరు ఎన్నికలో అవతలి పార్టీవాడితో తలపడేవారిని పంపడం కూడా. పెళ్ళికొడుకు నచ్చితే సరిపోదు, ఊరేగింపులో గుర్రమెక్కి పడిపోకూడదు కదా. ఇష్టాన్ని, అంచనాను రెండింటినీ తూకం వేయడం ఓటరుకు నేరం కాదు. బాబాయిని అడగకుండానే ఆయన తరఫున మాట్లాడడమే తప్పు.

ఎడిసన్ కుర్రాడు | మార్చి 1

మాష్టారూ, మేపుల్ పాకం సిద్ధం చేసుకోండి! నిన్న దక్షిణ కెరొలైనాలో బైడెన్‌కు దాదాపు 49 శాతం, మా బెర్నీకి 20 లోపే. బుధవారం నాడు అక్కడి కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ మద్దతు ప్రకటించడంతో గాలి మారిందని అందరూ అంటున్నారు. ముప్పై మూడేళ్ళ ప్రయత్నాలలో ఆయన గెలిచిన మొదటి రాష్ట్రం ఇదే.

ఫ్రిస్కో పిన్ని | మార్చి 2, రాత్రి

పందెం గెలిచాను గాని సంతోషించే స్థితిలో లేను. మా టెక్సస్‌లో ముందస్తు ఓటింగు ఫిబ్రవరి 18 నుంచి 28 దాకా జరిగింది. మంగళవారం వరుసలో నిలబడే ఓపిక లేక పోయిన వారమే గ్రంథాలయానికి వెళ్ళి ఎమీకి వేసి, గుండ్రటి స్టిక్కరు కూడా చొక్కాకు అంటించుకుని వచ్చాను. నిన్న బుటిజెజ్ తప్పుకున్నాడు. ఇవాళ మా ఎమీ తప్పుకుంది. తప్పుకుని ఎక్కడికి వచ్చిందనుకున్నారు? మా ఇంటి నుంచి గంట దూరం కూడా లేని డాలస్‌కు, బైడెన్ సభలో మద్దతు పలకడానికి! వేసిన ఓటు వెనక్కి తీసుకునే వీలు లేదు. మీ అయోవాలో అయితే రెండో మూలకు నడిచి వెళ్ళేదాన్ని కదా, మొక్కజొన్న బాబూ. రహస్య ఓటుకు రెండో విస్తరి లేదు.

మొక్కజొన్నపొలం | మార్చి 4

పిన్నిగారూ, మా కాకస్‌ను దేశమంతా నెల రోజులుగా తిట్టింది. దాన్ని ఎవరైనా మెచ్చుకోవడం ఇదే మొదటిసారి, ధన్యవాదాలు.

నిన్నటి సూపర్ మంగళవారం లెక్క చూశారా? ఒకే రోజు ఓటేసిన పద్నాలుగు రాష్ట్రాలలో బైడెన్‌కు పది, మీ టెక్సస్‌తో సహా. శాండర్స్‌కు కాలిఫోర్నియా, కొలరాడో, యూటా, వెర్మాంట్. అంత డబ్బు పోసిన బ్లూంబర్గ్‌కు దక్కిన గెలుపు అమెరికన్ సమోవా ఒక్కటే, ఇవాళ ఆయనా తప్పుకున్నారు. తాతగారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి, ఆ దీవులలోనే తులసికి ఇద్దరు డెలిగేట్లు దొరికారు.

గుంటూరు తాతగారు | మార్చి 4

పుట్టినింటివాళ్ళు ఉత్తచేతులతో పంపలేదన్నమాట. మా వీధిలో చెబుతాను.

నాషువా మాష్టారు | మార్చి 5

ఓటమి ఒప్పుకుంటున్నాను. పిన్నిగారూ, మీ చిరునామా విడిగా సందేశంలో పంపండి. ముదురు రంగు పాకం కావాలా, లేత రంగుదా? దోశెలకైతే ముదురుదే బాగుంటుందని మా ఆవిడ చెప్పమంది.

ఫ్రిస్కో పిన్ని | మార్చి 5

ముదురుదే పంపండి మాష్టారూ. గోంగూర కూడా ఇప్పటికే నూరేశాను కాబట్టి అదీ పంపుతాను, ఉప్పు కాస్త ఎక్కువైంది. ఎడిసన్ కుర్రాడికి కూడా ఒక సీసా. వాళ్ళ రాష్ట్రం వంతు జూన్ 2న గాని రాదట, అప్పటికి బరిలో ఎవరైనా మిగులుతారో లేదో.

ఎడిసన్ కుర్రాడు | మార్చి 5

పిన్నీ, వచ్చినా నాకు ఓటు లేదు. పచ్చడి మాత్రం పంపండి.